పదిహేడో నంబరు వరస

దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో, ఒక దర్జీ దుకాణం మీది వాటాలో ఇరవై ఒక్క సంవత్సరాలుగా కాపురముంటున్న దయమ్మకు, 1997 ఏప్రిల్ నెలాఖరులో, ఒకే వారంలో రెండు కబుర్లు అందాయి.

మొదటిది డాక్టరు చెప్పినది. ఒక వర్తక కంపెనీలో టెలిఫోన్ ఆపరేటరుగా, రోజుకు మూడు భాషల్లో మూడువందల మందిని పలకరించే ఆమె గొంతులో చిన్న కాయ లేచింది. మే ఇరవయ్యో తేదీ మంగళవారంనాడు దాన్ని కోసి తీసివేయాలి. మాట తప్పకుండా తిరిగి వస్తుందనీ, పాట సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేననీ ఆయన అన్నాడు.

రెండవది భర్త సంజీవరావు కంపెనీ పోస్టుబాక్సుకు వచ్చిన ఉత్తరం. గోదావరి కాలువ ఒడ్డున ఉన్న లాకులపాలెం బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు రాసినది. "మన పాత రిజిస్టరులోని నలభై రెండు వరసలను క్యాసెట్లలోకి ఎక్కించ సంకల్పించితిమి. ఇంతవరకు దొరికినవి ఇరవై తొమ్మిది. పదిహేడో నంబరు వరస మీ పేరున ఉన్నది. అది మరెవరికీ రాదని విచారణలో తేలినది. జూన్ పదిహేనులోగా పంపగలరు."

దయమ్మ రెండు తేదీలనూ వంటింటి క్యాలెండరులో గుర్తుపెట్టుకుంది. జూన్ పదిహేను ఆమెను భయపెట్టలేదు. మే ఇరవై భయపెట్టింది. కోత తరువాత ఆ గొంతులో ఆ వరస పలుకుతుందో లేదో ఎవరూ చెప్పలేరు కనుక, ఈలోగానే దాన్ని ఒక క్యాసెట్టులోకీ, కూతురు ఫెబి గొంతులోకీ దింపివేయాలి. మిగిలినవి ఇరవై రెండు రోజులు.

ఒక పాటకోసం ఇంత ఆందోళన ఎందుకో తెలియాలంటే ఆ పాఠశాల చరిత్ర కొంత చెప్పుకోవాలి. చుట్టుదారే, అయినా తప్పదు.

1879లో అగాథా అనే దొరసాని, కరవులో దిక్కులేనివారైన పదకొండుమంది ఆడపిల్లలను చేరదీసి లాకులపాలెంలో బడి పెట్టింది. చదువుతోపాటు సంగీతం నేర్పాలన్నది ఆమె పట్టుదల. కాలితో తొక్కి వాయించే ఆర్గన్ పెట్టె ఒకటి సముద్రం దాటి, ఆపైన కాలువలో పడవమీద వచ్చింది. ఒడ్డున మూగిన జనం దాన్ని కుట్టుమిషను అనుకున్నారట. పిల్లలకు కుట్టుపని వస్తుందని సంతోషించారట. అది పాటకోసమని తెలిశాక ఆ సంతోషం నిలవలేదు. పాట నేర్చిన స్త్రీ అనగానే లోకం ఒక్క అర్థమే తీసిన కాలమది. పాడే పిల్లను ఏ సంసారి కోడలుగా తెచ్చుకుంటాడని సంఘపెద్దలు నిలదీశారు. పిల్లలను ఏ మగవాడి కంటా పడనివ్వనని దొరసాని మాట ఇచ్చింది.

తొలి వానకే పెట్టె ఉబ్బి రెండు మెట్లు మూగపోయాయి. అంతకంటె పెద్ద చిక్కు పాటలతో వచ్చింది. ఆమె దేశపు రాగాల్లో తెలుగు మాటలు కూర్చితే, సాగకూడని అక్షరం సాగేది, సాగవలసినది నలిగిపోయేది. హ్రస్వానికీ దీర్ఘానికీ ఉన్న తేడా తెలుగు చెవికి ప్రాణంతో సమానమని ఆమెకెవరూ చెప్పలేదు. ఒకనాడు ఆరాధన ముగిశాక, ఇది ఏ భాషో సెలవిస్తారా అని ఒక పెద్దాయన వినయంగా అడిగాడట. అప్పుడు పిలిపించింది ఫిడేలు వెంకటప్పను.

వెంకటప్ప తాటాకు తడకకు అవతల, వీపు ఇటు తిప్పి కూర్చునేవాడు. పిల్లల ముఖాలు ఆయన ఏనాడూ చూడలేదు. గొంతునుబట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్క స్వరం పేరు పెట్టుకున్నాడు. "ఓ గాంధారం, ముక్కుతో పాడకు. పంచమం ఇవాళ రాలేదేం? జ్వరమా?" అని తడకలోనుంచి అడిగేవాడు. బడిగదిలో ఎదురుగా నలభై ముఖాలున్నా పేర్లు తడబడే ఉపాధ్యాయులకు ఈ సంగతి ఇప్పటికీ ఆశ్చర్యమే. పదహారేళ్ళలో ఆయన నలభై రెండు వరసలు కట్టాడు. బాణీ అన్నా, మట్టు అన్నా ఒకటే. ఆ బడిలో మాత్రం వరస అనేవారు.

ఆ తరువాత ఒక ఏడాది గోదావరి పొంగి బడిలోకి వచ్చింది. స్వరాలు రాసుకున్న పుస్తకాలన్నీ పోయాయి. వెంకటప్ప అప్పటికే కాలం చేశాడు. వరసలు పిల్లల గొంతుల్లో మాత్రమే మిగిలాయి. ఆనాడు దొరసాని ఒక ఏర్పాటు చేసింది. చదువు ముగించి వెళ్ళే ప్రతి పిల్లకూ ఒక వరస అప్పగించాలి. పాడటం అన్నీ పాడవచ్చు. కాపాడవలసినది ఆ ఒక్కటి. పదేళ్ళకొకసారి తానైనా, తాను నేర్పిన పిల్లయినా బడికి వచ్చి, ప్రధానోపాధ్యాయురాలి ఎదుట దాన్ని పాడి, "పుచ్చుకున్నట్టే అప్పగించాను" అని రిజిస్టరులో సంతకం చేయాలి. పెళ్ళికూతురి అప్పగింతకంటె ఈ అప్పగింతకే ఆ పిల్లలు ఎక్కువ ఏడ్చేవారని చెప్పుకునేవారు.

దయమ్మ నాయనమ్మ సంతోషమ్మకు అలా దక్కినది పదిహేడో నంబరు. "కాలువ దాటించు నావికుడా" అని పల్లవి. "ఆవలి గట్టున దీపము చూచితి" అని చరణం. పన్నెండేళ్ళ మనుమరాలికి దాన్ని ఒక వేసవి అంతా నూరిపోసి సంతోషమ్మ కన్ను మూసింది. దయమ్మ 1964లోనూ, 1974లోనూ బడికి వెళ్ళి పాడి సంతకం చేసింది. ఆ తరువాత దోహా వచ్చేసింది. కంపెనీ సెలవు ఎప్పుడూ మే నెలలోనే దొరికేది. మే నెలలో బడికి తాళం. ఎనభై నాలుగులో ఒకసారి, తొంభై నాలుగులో ఒకసారి ఆ తాళాన్ని చూసి, కాపలావాణ్ణి పలకరించి తిరిగి వచ్చింది. ఇరవై మూడేళ్ళుగా ఆ వరసను పరీక్షగా విన్నవారు లేరు.

అయినా అది తనలో భద్రంగానే ఉన్నదని దయమ్మ నమ్మకం. శుక్రవారం ప్రార్థనల్లో నెలకొకసారైనా పాడుతూనే ఉన్నది కదా.

ఉత్తరం వచ్చిన మూడోనాడు సాయంత్రం, చప్పుడు క్యాసెట్టులోకి ఎక్కకుండా ఏసీ ఆపి, పదహారేళ్ళ ఫెబి టేప్ రికార్డరు ముందు పెట్టుకుంది.

"అమ్మా, ఎర్ర బటన్ నొక్కేశాను. తొందరగా పాడెయ్, చెమటకి కరిగిపోయేలా ఉన్నాను."

దయమ్మ పాడింది. బొంగురు ఉన్నా శ్రుతి తప్పలేదు. పాట ముగిసేసరికి గుమ్మంలో, పాలగిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చిన కమలాదేవి నిలబడి ఉంది. హన్మకొండ మనిషి, పై వాటాలో ఉంటున్న ఇంజనీరుగారి భార్య, చిన్ననాట పదేళ్ళు వీణ నేర్చుకున్నది.

"ఏందక్కా, గింత మంచి పాట గిన్నేండ్లు దాసిపెట్టినవ్?" అంది లోపలికి వస్తూ. "శంకరాభరణం గదా? ఒక్క మాటంటె కోపానికి రావు గదా?"

"చెప్పు కమలా."

"చరణం మీదికి పోకుండనే కిందికి దిగింది. మెట్లెక్కనోళ్ళు దిగుడేందక్కా?"

ఫెబి పకపక నవ్వింది. దయమ్మ నవ్వలేదు. క్యాసెట్టు వెనక్కి తిప్పించి విన్నది. మళ్ళీ తిప్పించి విన్నది. నాయనమ్మ ఈ చరణం ఎత్తుకున్నప్పుడు ముందువరస ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి వినేవారని ఆమెకు జ్ఞాపకం వచ్చింది. ఈ క్యాసెట్టులో ఊపిరి బిగబట్టవలసిన చోటు ఎక్కడా లేదు. 'దీపము' అన్న మాట నేలమీదనే ఉన్నది.

ఎప్పుడు పోయిందో కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. 1977లో, దోహాలోనే మదీనత్ ఖలీఫాలో, ఒక కుటుంబంవారి హాలులో తొలి శుక్రవారం ప్రార్థన కూడిక; చర్చికి అనుమతి లేని దేశమది. ముప్పైమంది వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడవకుండా సంచుల్లో పెట్టుకొని లోపలికి తెచ్చారు. కిటికీలు మూశారు. నిజానికి ఎవరూ వచ్చి ఏమీ అన్నది లేదు. పక్క విల్లా అరబ్బు పెద్దాయన పండగనాడు పళ్ళెంనిండా ఖర్జూరాలు పంపేవాడు. అయినా, అనేలోపలే జాగ్రత్తపడటం పరాయిచోట బతికేవారి అలవాటు. దయమ్మ చరణం ఎత్తుకుని, గొంతు పైకి లేవబోతుండగా, ఎదుట కూర్చున్న సంజీవరావు పసిపిల్లను జోకొట్టినట్టు అరచేత్తో 'తగ్గించు' అని సైగ చేశాడు. ఆమె అక్కడికక్కడే ఆ పాదాన్ని కిందికి మళ్ళించింది. ఆ వారానికి అలా గడిచింది. మరుసటి వారమూ అలాగే పాడింది. క్రమంగా ముప్పైమందీ అలాగే నేర్చుకున్నారు. మళ్ళించిన దారే దారి అయిపోయింది. అసలు దారి ఎటు పోయేదో ఇప్పుడు ఎంత వెతికినా కనిపించటం లేదు.

క్యాసెట్టు విన్న ఆ సాయంత్రంనుంచి ఇంట్లో ఆ ఒక్క పాదమే పని. పొద్దున ఉప్మా కలుపుతూ పాడుకునేది. ఆఫీసులో స్విచ్‌బోర్డు ముందు, లైను కలిపే విరామంలో కూనిరాగం తీసేది. ఒకనాడు అవతల లైనులో వేచి ఉన్న పఠాను డ్రైవరు, "మేడమ్, గానా బంద్ మత్ కరో," అని, పాట ఆపవద్దని బతిమాలాడు. గొంతును విశ్రాంతిగా ఉంచమని డాక్టరు చెప్పిన మాట ఆమె మరచిపోలేదు, పాటించనూ లేదు. వారం తిరిగేసరికి బొంగురు పెరిగింది. వెతకడానికి ఉన్న పనిముట్టు ఆ గొంతు ఒక్కటే. వెతికినకొద్దీ అదే అరిగిపోతోంది.

కమలాదేవి రోజూ వచ్చి కూర్చునేది. "గిట్ల పోతదేమో సూడు," అని పంచమంనుంచి మెల్లగా పైషడ్జం చేరే దారి ఒకటి పాడింది. "లేకుంటె గిట్ల," అని మరొకటి. ఒక్కసారిగా ఎగిరే దారి ఇంకొకటి. మూడూ రాగానికి ఒప్పినవే. మూడింటికీ దయమ్మ తల అడ్డంగా ఊపింది.

"మరి అసలుదెట్లుంటదక్కా?"

"వస్తే తెలుస్తుంది కమలా. రాందే చెప్పలేను."

మే పన్నెండో తేదీన భోజనాల దగ్గర సంజీవరావు విసిగిపోయాడు. నిర్మాణ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. గీత తప్పితే రబ్బరుతో చెరిపి మరొక గీత గీయడం ఆయనకు నిత్యకృత్యం.

"అయినా ఎవరికి తెలుస్తుంది దయా? ఆ వెంకటప్పగారు పోయి నూరేళ్ళయింది. కమలగారు చెప్పిన మూడింట్లో బాగున్నది పాడి పంపించెయ్. ఖలాస్."

"నాకు తెలుస్తుందండీ."

"నీ ఒక్కదానికేగా?"

"నా ఒక్కదానికే కదండీ అప్పగించింది."

ఆయన చారు కలుపుకున్నాడు. తరువాత తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆ వేళ చెయ్యి ఊపింది నేనే."

"మీరు ఊపారు, నేను దింపాను. చెరి సగం," అంది దయమ్మ. ఆ మాటకు ఫెబి నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి ఊరుకుంది.

ఆలోచన వచ్చింది ఫెబికే. "డాడీ, అమ్మ ఈ ఊళ్ళో ఒక్కసారైనా గట్టిగా పాడిందా?" అని అడిగింది. జవాబు అందరికీ తెలిసినదే.

పదిహేనో తేదీ గురువారం సగంపూట డ్యూటీ. ఎవరూ లేని ఎడారిలో ఆమెచేత గట్టిగా పాడించాలని, మధ్యాహ్నం మూడింటికి సంజీవరావు పాత కరోలా కారు తీశాడు. "యల్లా, పదండి పదండి, నీళ్ళ సీసాలు పెట్టుకున్నారా? దుఖాన్ రోడ్డులో మధ్యలో దాహమంటే మాఫీ, చుక్క దొరకదు," అని తొందరపెట్టాడు. నలభై కిలోమీటర్లు దాటాక రోడ్డు దిగి, గట్టినేల చూసుకుని ఆపాడు. ఎటు చూసినా రాళ్ళూ, ఇసుకా, ఎండా. దూరంగా నాలుగు ఒంటెలు. అక్కడ వీచే గాలిలో తేమ లేదు. దయమ్మకు మొదటి ఊపిరికే గొంతు మండింది.

మొదటిసారి పాడినప్పుడు, ఆ బయలులో కూడా ఆమె గొంతు హాలులో పాడినట్టే పాడింది. ఇరవై ఏళ్ళ అలవాటు ఒక కారు దిగినంతమాత్రాన దిగదు.

"అమ్మా, ఇక్కడెవరున్నారు? ఒంటెలు కంప్లయింట్ ఇస్తాయా?" అంది ఫెబి.

రెండవసారి దగ్గు వచ్చింది. సంజీవరావు నీళ్ళు అందించాడు. "చాలు దయా. ఉన్న గొంతు కూడా పోతుంది. పద, వెళ్ళిపోదాం," అన్నాడు.

"ఇంకొక్కసారండీ."

మూడవసారి ఆమె కారుకు నాలుగడుగుల దూరం నడిచి, ఎవరినో అవతలి ఒడ్డునుంచి కేకవేసి పిలిచేటట్టు శ్రుతి పెంచి ఎత్తుకుంది. అంత గట్టిగా ఎత్తుకుంటే కింది స్వరాలు నిలవవు. మళ్ళించిన దారిలో ఆ గొంతుకు కాలు ఆనలేదు. "ఆవలి గట్టున" దగ్గర అది తనంతతానే పైకి తిరిగింది. కమలాదేవి చెప్పిన మూడు దారుల్లో ఒక్కటీ కాదు. ధైవతంమీద ఒక క్షణం నిలిచి, వెనక్కి వంగి, మళ్ళీ లేచి, 'దీ' అన్న అక్షరంతో పైషడ్జాన్ని తాకింది. నాయనమ్మదే. అనుమానం లేదు.

అక్కడ గొంతు తెగింది. ఆపైన ఒక మలుపు ఉండాలి. 'పము' అన్న అక్షరాలతో పైషడ్జం దాటి ఎక్కడికో వెళ్ళి తిరిగి వచ్చే ఒక చిన్న మలుపు, ఒక ఊపిరిపాటు. దాని స్థానంలో వట్టి గాలి వచ్చింది. ఆ గాలి తరువాత 'చూచితి' సరిగ్గా దిగింది. మళ్ళీ ప్రయత్నించింది. అదే ఎత్తు, అదే గాలి. అయిదోసారికి ఎత్తు కూడా అందలేదు.

"నాకు వచ్చేసిందమ్మా," అంది ఫెబి. తల్లి పాడిన ఎత్తును ఎత్తినట్టే పాడి, గాలి వచ్చిన చోట కీబోర్డు వాయించే తన వేళ్ళు చెప్పినట్టు ఒక మలుపు తిప్పి కిందికి దిగింది. చక్కని మలుపు. సంజీవరావు, "అదే! అదే కదా!" అని చప్పట్లు చరిచాడు.

దయమ్మ కూతురి ముఖం వైపు చూసింది. ఔనంటే అయిపోతుంది. క్యాసెట్టు నిండుతుంది, పాపకు వరస పూర్తిగా వచ్చినట్టే, తాను మంగళవారం నిశ్చింతగా మంచం ఎక్కవచ్చు. తప్పని చెప్పగల మనిషి భూమిమీద మరొకరు లేరు. ఆ ఆలోచనే ఆమెకు అన్నిటికంటె ఎక్కువ భయం కలిగించింది.

"బాగుంది ఫెబీ. కాని అది నీది. మా నాయనమ్మది కాదు."

"మరి అక్కడ ఏం పాడను?"

"ఏమీ పాడకు. ఆగు. ఒక్క ఊపిరి తీసుకుని దిగు."

"అందరూ మర్చిపోయాననుకుంటారు!"

"అనుకోనీ. మర్చిపోయింది నేనే కదా."

కారు అద్దాలు ఎక్కించి, గాలి చప్పుడు లేకుండా, అక్కడే రికార్డు చేశారు. మొదట ఫెబి పాడింది. తరువాత దయమ్మ ఆ బొంగురు గొంతుతోనే మాట్లాడింది: "నేను లాకులపాలెం సంతోషమ్మగారి మనుమరాలు దయమ్మను. పుచ్చుకున్నట్టే అప్పగించానని చెప్పలేను. దీపము అన్న మాటలో ఒక మలుపు నా దగ్గర పోయింది. ఇరవై ఏళ్ళు మెల్లగా పాడటంవల్ల పోయింది. ఖాళీ ఉంచాను. ఎవరికైనా తెలిస్తే అక్కడ పెట్టండి. తెలియకపోతే అలాగే ఉంచండి." బటన్ నొక్కమని సైగ చేసి, సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. క్యాసెట్టు శనివారం రిజిస్టరు పోస్టులో వెళ్ళింది.

మంగళవారం కోత సక్రమంగానే జరిగింది. రెండు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడరాదన్నారు. ఆపైన కట్టుబాటు సడలించి గొంతు ఎలా ఉన్నదో చూస్తారట. ఇంట్లోకి పలక, బలపం వచ్చాయి. "ఇన్నేళ్ళకి నా మాట వినే రోజొచ్చింది," అని సంజీవరావు వేళాకోళమాడితే, దయమ్మ పలకమీద "పద్నాలుగు రోజులే" అని రాసి చూపించింది. కాని ఆయన పనికి వెళ్ళాక, పెదవులు కదపకుండా లోలోపల ఆ పాదాన్ని పాడుకుని, పైషడ్జం దగ్గర ఆగి భయపడేది. ఈసారి భయం మలుపు గురించి కాదు. ఎత్తు కూడా మళ్ళీ పోతుందేమోనని. అది ఇప్పుడు ఉన్నది ఒక్క పదహారేళ్ళ పిల్ల గొంతులో.

మే ముప్పై శుక్రవారం కూడికలో ఫెబిని పాడమన్నారు. దయమ్మ వెనుకవరసలో, మెడకు మెత్తని గుడ్డ చుట్టుకుని కూర్చుంది. పిల్ల కొంచెం హెచ్చు శ్రుతిలోనే ఎత్తుకుంది. పల్లవి బాగా నడిచింది. "ఆవలి గట్టున" అని పైకి తిరిగేసరికి నలుగురైదుగురు తల ఎత్తారు. "దీ" దగ్గర ఫెబి ఆగింది.

పాప మరచిపోయిందనుకుని, ముప్పైమందీ ఆప్యాయంగా, ఇరవై ఏళ్ళుగా వచ్చిన దారిలో, కింది స్వరాల్లో "దీపము చూచితి" అని అందించారు. పక్కనున్న ఆవిడ ఫెబి వీపు నిమిరి, "ఫరవాలేదమ్మా, పాడు పాడు," అంది. ఫెబి ముఖం ఎర్రబడింది. తల్లికోసం వెనక్కి చూసింది.

దయమ్మ లేచి నిలబడింది. చెప్పవలసినదంతా నోటిదాకా వచ్చింది: మరచిపోయింది పాప కాదు, అందరమూ కలిసి మరచిపోయాము, ఆ పిల్లను ఆగనివ్వండి. పెదవులు విడివడ్డాయి. సంజీవరావు కంగారుగా తల అడ్డంగా ఊపాడు. ఒక్క మాట జారితే కుట్టిన గొంతు ఏమవుతుందో ఆమెకూ తెలుసు. నోరు మూసుకుని, నిలబడే, కూతురి వైపు చూస్తూ ఉండిపోయింది.

ఫెబి చరణాన్ని మొదటినుంచి మళ్ళీ ఎత్తుకుంది. పాదం పైకి లేచింది; ధైవతంమీద నిలిచి, వంగి, "దీ" అని తాకి ఆగింది. ఈసారి ఒకరిద్దరు అందించబోయి, ఎందుకో సందేహించి ఊరుకున్నారు. హాలులో ఏసీ చప్పుడు తప్ప మరేమీ లేదు. దయమ్మ లెక్కపెట్టింది: ఒక ఊపిరి. ఆ ఊపిరి చివర పిల్ల ఎటు తిరుగుతుందో తెలియదు. తన సొంత మలుపు వైపుకా, వారి దారిలోకా.

"చూచితి," అని ఫెబి తిన్నగా దిగింది.